క్రషర్ ఆఫీసు దుమ్ము

తొంభై ఆరులో నకిరేకల్‌లో కంప్యూటర్లు మొత్తం తొమ్మిది. తొమ్మిదింటి దుమ్మూ తాహేరానే దులిపేది. సంచిలో రెండు మెత్తటి బ్రష్షులు, ఒక స్క్రూడ్రైవరు, గడియారాలు బాగుచేసేవాళ్లు గాలి ఊదే రబ్బరు బుడ్డి వేసుకుని పొద్దున్నే బయల్దేరేది. ముందు ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగేది. ఉంగరం తీసి చున్నీకి ముడేసుకునేది. ఒంట్లో కరెంటు ఏమన్నా ఉంటే దిగిపోయేలా కంప్యూటర్ డబ్బా ఇనప చట్రాన్ని అరచేత్తో ముట్టి, అప్పుడు లోపల చెయ్యి పెట్టేది. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో అదిమిపట్టి, బోర్డు మీద బ్రష్షు ఆనీ ఆననట్టు తోసేది.

బయట పడుతూ దుమ్ము మాట్లాడేది. ఆ గదిలో అన్న మాటలే, ఫ్యాను పీల్చుకున్న వరసలో, ఒక్కసారి పలికి ఊరుకునేది. అందుకే మిల్లు యజమాని దులిపే రోజున భార్యను పుట్టింటికి పంపేవాడు. వడ్ల వ్యాపారి కృష్ణయ్య ఇంటి దుమ్ములో ఎప్పుడూ తన్నుల చప్పుడే. తాహేరా తలుపేసుకుని దులిపి, ఆయన కోడలి వీపుకు మందు రాసి వచ్చేది.

ఒక బుధవారం ఊరి బయట రాళ్ల క్రషర్ నుంచి కబురొచ్చింది. గేటు దగ్గర రాళ్ల తట్ట మోస్తున్న యాదలక్ష్మి ఎదురొచ్చింది.

"అక్కా, మా ఆయన ఇంటికి రాక నాలుగు దినాలాయె. బొంబై పోయిండని సేటు అంటుండు. చెప్పులు ఈడనే ఇడిసి బొంబై పోతడా? దుమ్ము ఏమన్న అంటే జర నాకు చెప్పు."

యాదలక్ష్మి మొగుడు జంగయ్య ఆ క్రషర్‌లోనే రాయి పేల్చే పనిలో ఉండేవాడు. పోయిన నెల రాతిలో పెట్టిన మందు తూటా ఒకటి ఆలస్యంగా పేలి, కూలీ మారయ్య కన్ను పోయింది. నల్లగొండ పోయి అధికారులకు చెప్తానని జంగయ్య అందరి ముందూ అన్నాడు.

ఆఫీసులో సేటు రామచంద్రం కంప్యూటర్ ముందు మండిపడుతున్నాడు. "పావుగంటకోసారి ఆగిపోతాంది. రేపు టెండరు కాయితాలు పోవాలె. తడిగుడ్డ పెట్టి తుడువు."

తడిసిన దుమ్ము నోరు విప్పదని ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

"తడి తగిలితే బోర్డు మాడిపోతది సేటూ. పొడిగనే దులపాలె."

చెంప మీద పడ్డ దెబ్బకు తాహేరా పెదవి చిట్లింది. బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. బల్ల కింద లారీ ఫ్యాను బెల్టు ముక్క పడి ఉంది, దాని అంచున నల్లగా ఎండిన నెత్తురు.

రామచంద్రం కిటికీలోంచి క్రషర్ వైపు చూశాడు. "అయితే నడువు మోటారు గదికి. గాడ దులుపు."

మోటారు గది క్రషర్‌ను ఆనుకున్న రేకుల కొట్టం. క్రషర్ నడుస్తుంటే పక్కనే అరిచినా వినపడదు. డబ్బాను తానే మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు రామచంద్రం. తాహేరా మూత విప్పింది. దుమ్ము పిచ్చుక గూడులా పేరుకుపోయి ఉంది. బ్రష్షు తగలగానే అది పలకడం మొదలుపెట్టింది గానీ, క్రషర్ మోతలో ఒక్క ముక్కా తెలియలేదు. ఊరుకుని దులిపేస్తే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. యాదలక్ష్మికి ఏమీ వినపడలేదని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

ఫ్యాను దగ్గర దుమ్ము గుట్ట అలాగే ఉంచి, డబ్బాను రెండు చేతులా ఎత్తి వంచి పట్టుకొమ్మని సైగ చేసింది. అతను పట్టుకున్నాడు, చేతులు రెండూ డబ్బాకే సరిపోయాయి. గోడకున్న మెయిన్ స్విచ్ పిడిని తాహేరా కిందికి లాగింది.

క్రషర్ గుడగుడలాడి ఆగిపోయింది. తాహేరా రబ్బరు బుడ్డి నొక్కింది.

"కొట్టకు సేటూ, కాలిరిగింది! నీ కాల్మొక్కుత..."

అది జంగయ్య గొంతు. బెల్టు చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి, వాటి వెనకే సేటు గొంతు.

"నల్లగొండ పోతవారా? పో ఇగ! వీన్ని మందు కొట్ల పడేయుర్రి. తాళంచెయ్యి నాకియ్యుర్రి. నీళ్లు ఇచ్చెటోన్ని గూడ అండ్లనే ఏస్త."

రామచంద్రం డబ్బా వదిలేసి పానా అందుకుని తాహేరా మోచేతి కింద కొట్టాడు. ఎముక విరిగింది. ఆమె కుప్పకూలుతూ కూడా రెండో చేత్తో బుడ్డి నొక్కుతూనే ఉంది.

బయట తట్టలు ఒకటొకటే కిందపడ్డాయి. తూటాలు దాచే గదిని మందు కొట్టు అంటారు. దాని వైపు సుత్తెలతో పరుగెత్తినవాళ్లను మారయ్య ఆపాడు. "సుత్తె ఎయ్యకుర్రి! నిప్పురవ్వ లేస్తే లోపలున్న జంగన్నతోని మనం గూడ పోతం. తాళంచెయ్యి సేటు మొలకుంటది!"

జనం రామచంద్రం మీద పడ్డారు. ఏ చెయ్యి ఎవరిదో తెలియలేదు. కంకర మీద అతని పళ్లు రాలాయి. మారయ్య అతని మణికట్టు మీద కాలేసి నిలబడితే, యాదలక్ష్మి మొలతాడు తెంపి తాళంచెయ్యి లాక్కుంది.

జంగయ్య బతికే ఉన్నాడు. తూటాల పెట్టెల సందున బోర్లా పడి, గోడ చెమ్మను నాలుకతో నాకుతున్నాడు. కుడికాలు పక్కకు తిరిగిపోయింది. పిలిస్తే పలకలేదు.

తర్వాత రామచంద్రం జైలుకు పోయాడు, జంగయ్య కుంటుతూనే నల్లగొండ పోయి సాక్ష్యం చెప్పాడు. ఆ మధ్యాహ్నం మాత్రం అవేవీ ఎవరికీ తెలియవు. టిప్పర్ లారీ దవాఖానకు దడదడలాడుతూ పోతోంది. విరిగిన చేతిని చున్నీతో మెడకు కట్టుకుని, రెండో చేత్తో జంగయ్య కాలు కదలకుండా పట్టుకుంది తాహేరా. మొదటి గుంతలో లారీ ఎగిరి పడగానే అతను కెవ్వున అరిచాడు. సిగ్గుపడి పళ్లు బిగపట్టాడు.

ఒళ్లో ఉన్న అతని తలను యాదలక్ష్మి రెండు చేతులా పట్టుకుంది.

"మొత్తుకో," అంది. "ఇంకింత గట్టిగ మొత్తుకో. నేను ఇంటున్న."