మనం అనే మాట

“నీకోసమే కదా వెళ్తున్నాం, కాస్త త్వరగా తెములు,” అన్నారు మా ఆయన గుమ్మంలో నిలబడి, కారు తాళం వేలికి తిప్పుతూ.

అప్పటికి నేను గుడ్లు ఉడకబెట్టి, బ్రెడ్డుకు వెన్న రాసి డబ్బాలో సర్ది, అత్తయ్య మాత్రలు పొట్లం కట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసి, పాపకు జడ వేస్తున్నాను. నా జడ ఇంకా వేసుకోలేదు. సెలవు రోజున నా మనసు బాగుచేయడానికి అందరికంటే ముందు నేనే లేవాలి మరి.

మనసు బాగోలేని మాట నిజమే. నేను తాగునీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తాను. రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో వేరే సంస్థవాళ్ళు కొత్త ల్యాబు తెరుస్తున్నారని, దాన్ని నడిపించే మనిషి కావాలని తెలిసి ఇంటర్వ్యూకి వెళ్ళాను. బాగానే చేశాననుకున్నాను. తర్వాత ఏ కబురూ లేదు. “పోనీలే, అందరికీ వస్తాయా ఏంటి?” అని మా ఆయన నా తల నిమిరారు. ఫోన్ చేసి కనుక్కుంటానంటే, “ఛ, అడిగితే చులకనైపోతావు,” అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, ఏ ప్రశ్న దగ్గర తడబడ్డానో వెతుక్కునేదాన్ని. చివరికి నాకంత తెలివి లేదని తేల్చుకుని, ఆ ఆశని కూడా ఉతికిన బట్టలతోపాటు మడత పెట్టేశాను.

మేం వెళ్ళింది సముద్రం ఒడ్డున, ఇసుక దిబ్బల మీదుగా చెక్కలు పరిచిన బాటకి. పిల్లలూ పెద్దవాళ్ళూ కూడా సులువుగా నడవొచ్చని మొదట్లోనే బోర్డు పెట్టారు. ఆయన, పాప ముందు నడిచారు. భుజాన సంచీతో, అత్తయ్య చెయ్యి పట్టుకుని నేను వెనక. గాలికి దిబ్బల మీది గడ్డి అంతా ఒకే వైపు వాలిపోతోంది. చెక్కల సందుల్లోంచి ఇసుకలో పీతల బొరియలు కనిపిస్తున్నాయి. “నాన్నా, పొడుగు ముక్కు పిట్ట!” అని పాప అరిచేలోపే అది ఎగిరిపోయింది.

సగం దారిలో అత్తయ్య ఆయాసపడి ఆగారు. ఊపిరి కుదురుకున్నాక కూడా నా చెయ్యి వదల్లేదు.

“నీకొక మాట చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నానమ్మా. ఆ ఉద్యోగం నాకోసమే వద్దనుకున్నావటగా. నా కడుపున పుట్టినవాళ్ళు కూడా అంత పని చెయ్యరు.”

నా వంటకి వంక పెట్టకుండా ఆమె కంచం ముందు నుంచి లేచిన పూట లేదు. ఇన్నేళ్ళలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అదీ నేను చెయ్యని పనికి.

“నాకా ఉద్యోగం రాలేదు అత్తయ్యా.”

“అదేంటి? వచ్చిందనేగా ఫోను చేశారు! నువ్వప్పుడు నాకు స్నానం చేయిస్తున్నావు. నీ ఫోను అబ్బాయే ఎత్తి మాట్లాడాడు. నువ్వే వద్దన్నావని నాతో చెప్పాడే...”

నా ముఖంలో ఏం చూశారో, ఆమె తల తిప్పి ముందు వెళ్తున్న కొడుకు వైపు చూశారు.

నేను ఆయన్ని పిలిచాను. గాలి హోరులో ఇంకోసారి, గట్టిగా పిలవాల్సి వచ్చింది. పాపని పిట్టల బొమ్మల బోర్డు దగ్గర ఉంచి ఆయన వెనక్కి వచ్చారు.

“నాకు ఉద్యోగం వచ్చిందా?”

ఆయన వాళ్ళమ్మ వైపు చూసి, సముద్రం వైపు చూసి, నవ్వబోయారు. “ఇప్పుడా ఆ గొడవ? చెబుదామనే అనుకున్నా. ఎలాగూ వెళ్ళేదానివి కాదుగా, తెలిస్తే ఊరికే బాధపడతావని... మనం వద్దనుకున్నాం, అయిపోయింది.”

మనం. ఎంత మంచి మాట అది! ఎదుటి మనిషిని కూడా చెయ్యి పట్టి లోపలికి తీసుకుంటుంది. పెళ్ళైన దగ్గర్నుంచి నేను కాపురం ఉంటున్నది ఆ మాటలోనే. మనం చుట్టాలని పిలుద్దాం అంటే పొయ్యి దగ్గర నిలబడేది నేను. మనం అమ్మని చూసుకోవాలి అంటే నిద్రలోంచి లేచేది నేను. మనకి ఇంక పిల్లలు వద్దు అంటే ఆపరేషన్ బల్ల మీద పడుకున్నది నేను. చాకిరీ ఉన్నప్పుడల్లా ఆ మాటలో నాకు చోటుంది. తేల్చి చెప్పేటప్పుడే లేదు. అబద్ధం కంటే ఎక్కువ మండింది ఆ ఓదార్పు. నేను తెలివితక్కువదాన్నని నేనే నమ్మేదాకా తల నిమిరిందే, ఆ చెయ్యి.

“మీరు నన్ను ఓదార్చారు,” అన్నాను.

“అబ్బా, అందరూ చూస్తున్నారు. పద, వెనక్కి పోదాం. అమ్మని పట్టుకో.”

అత్తయ్య నా చెయ్యి వదిలి, తన చెయ్యి కొడుకు వైపు చాపారు. “నువ్వు పట్టుకోరా,” అన్నారు. “దాన్ని వెళ్ళనీ.”

బాట చివరిదాకా ఒక్కదాన్నే నడిచాను. అక్కడొక చిన్న చెక్క అరుగు, కింద నల్లటి రాళ్ళు, వాటి మీద విరిగిపడుతున్న కెరటాలు. ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడ నంబరు నా ఫోనులో ఇంకా ఉంది. సెలవు పూట ఫోను చేసి ఇబ్బంది పెట్టకూడదని తెలుసు. అయినా చేశాను.

“అరె, మీరా! మీరు రానన్నారంటే నాకు చాలా బాధేసిందండీ. ఇంతవరకూ మరెవరూ కుదర్లేదు కూడా,” అన్నారామె.

పాప బడి, అత్తయ్య మందులు, రైలు ప్రయాణాలు అన్నీ ఒక్కసారిగా తలలోకి తోసుకొచ్చాయి. వాటిలో దేనికీ నా దగ్గర ఇంకా జవాబు లేదు. గాలికి మాట కొట్టుకుపోకుండా ఫోను చుట్టూ అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“వద్దన్నది మా ఆయనండీ,” అన్నాను. “నన్నింకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగండి.”