తడవరాని గీత

తల్లి కట్టిన త్రాటికి లొంగి లోకుల కట్లు విప్పిన దామోదరా, ఈ కథను నీవే రేవు చేర్చు.

ఒడిశాలోని కటకంలో మహానది చెంత నిశామణి ఒంటరిగా ఉండేది. ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సరు ఆమె తుంటి ఎముకకు ప్రాకింది.

"రేడియేషనుతో రోగం పోదమ్మా. నొప్పి తగ్గితే నాలుగడుగులు వేస్తావు," అన్నాడు డాక్టరు.

ఆమె కోరినదీ అంతే. పడవ నడుపుతూ నదిలోనే పోయిన భర్త పేర, ఏటా కార్తిక పున్నమి వేకువను అరటిదొప్ప పడవలో దీపం పెట్టి వదులుతుంది. ఆమె వెళ్ళకుంటే వదిలేవారు లేరు.

రేడియేషను యంత్రం నడిపే పవిత్రుడు ఆమె తుంటిపై సిరాతో గీతలు గీసి, పిన్నిని పిలిచే ఒడియా మాటతో అన్నాడు: "చెరపకు మావుసీ. కిరణానికి ఇదే గురి."

కాని అది కార్తికం. నెలంతా వ్రతంగా హవిష్యాన్నం తినే విధవరాలు ఆసుపత్రి సిరాతో దామోదరుని ముందు ఎలా కూర్చుంటుంది? నదిలో ఇసుకతో తోమి స్నానం చేసింది. మరునాడు పవిత్రుడు తల పట్టుకున్నాడు.

"గీతలేవి మావుసీ? చేపలకు వేశావా?"

"కార్తికంలో చేప పేరెత్తకురా, పాపిష్ఠోడా!"

"మళ్ళీ కొలతలు తియ్యాలి. డాక్టరుగారు ఎల్లుండిగాని రారు. నీకు చెప్పేవాళ్ళెవరూ వెంట రాలేదా?"

"ఉంటే మా ఆయన పేర పున్నమి పడవేదో వాళ్ళే వదిలేవారు కదా నాయనా."

డాక్టరు వచ్చాక పవిత్రుడు మళ్ళీ గీస్తూ మెల్లగా అన్నాడు: "తిలకమనుకో మావుసీ. తిలకం పెట్టుకుని పూజ చెయ్యవా ఏం?"

నాటినుండి ఆమె ఆ చోట నీటిచుక్క పడనీయలేదు.

రోజూ ఆమెను బల్లపై పడుకోబెట్టి అందరూ వెళ్ళిపోయేవారు. బరువైన తలుపు మూసుకునేది. యంత్రం మెల్లగా చుట్టూ తిరిగేది. ఇంట్లోనైతే బల్లి అయినా పలికేది. ఇక్కడ తన ఊపిరి తనకే వినబడేది. కనబడని ఆ కిరణం ఒక్కటే ఆమెను వెదుక్కుంటూ వచ్చేది.

పున్నమి నాటికి నొప్పి పూర్తిగా పోలేదు కాని నడవనిచ్చింది. కర్ర ఊతంతో రేవు చేరింది. జనమంతా పీకలదాకా మునుగుతున్నారు.

"మునగవేం అత్తా, చలా?" అని ఎవరో నవ్వారు.

చికిత్స ఇంకా మిగిలి ఉంది. ఏ కార్తికమూ మునక మానని నిశామణి చీలమండల లోతు నీటిలో, పైన ఒళ్ళు తడవకుండా నిలిచి దీపం వదిలింది. వేల దీపాలలో తనదేదో తెలియకుండా పోయేంతవరకు చూసింది. పిమ్మట చీర కుచ్చెళ్ళు తడవకుండా ఎత్తిపట్టి, ఒంటరిగా మెట్లెక్కింది.

విన్నవారి నొప్పులు దామోదరుడు ఉపశమింపజేయుగాక. ఎవరి దీపమూ వదిలేవారు లేక ఆరకుండుగాక.