డెస్ ఎత్తిన వేలు

ఎడారి గుండా పోయే బర్డ్స్‌విల్ మట్టి దారిలో ఎదురైన ప్రతి మనిషికీ వేలెత్తి పలకరించడం మా ఆయన డెస్‌కి ఊపిరి తీసుకున్నంత అలవాటు. స్టీరింగ్ మీంచి చెయ్యి కదలదు, చూపుడు వేలు మాత్రం లేస్తుంది. నాతో మాట్లాడటానికే ఆయనకి మహా బద్ధకం.

ఆ రోజు పొద్దుటి నుంచీ గతుకులే. కారు వెనకాల లాక్కెళ్లే ఇల్లులాంటి కారవాన్‌లో గిన్నెలు గోల చేస్తున్నాయి, గుడ్లు ఏమైపోయాయోనని నా బెంగ నాది. అంతలో దారి పక్కన ఒక తెల్ల పికప్ కనిపించింది. దాని అద్దానికి పసుపు టేపు కట్టి ఉంది.

"ఆగుదామా?" అన్నాను.

"టేపు కనపడట్లేదా? పోలీసులు చూసి కట్టి వెళ్లారు. ప్రతి డొక్కు బండి దగ్గరా ఆగితే క్రిస్మస్‌కి చేరతాం."

నిజమే, టేపు కట్టిన బండి దగ్గర ఇక్కడ ఎవరూ ఆగరు. అది ఖాళీ బండని అర్థం. మేమూ దుమ్ము లేపుకుంటూ పోయాం.

మధ్యాహ్నం టీకి ఆగాం. కుర్చీలు వేసుకున్నాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"నీ వేలికి సిగ్గు లేదు డెస్. ఇందాక ఆ ఖాళీ బండికి కూడా ఎత్తావు."

"ఖాళీ బండికి నేనెందుకెత్తుతానే? అతను చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను."

"ఎవరతను?"

డెస్ టీ కప్పు కింద పెట్టేశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కిటికీలోంచి చెయ్యి, మెర్ల్. నేను చూశాను. చూసి కూడా..."

కుర్చీలు, కెటిల్ అక్కడే వదిలేశాం. ఆ ఇరుకు దారిలో కారవాన్‌ని వెనక్కి తిప్పేటప్పుడు ఎప్పుడూ పోట్లాడుకుంటాం. ఆ రోజు నేను దిగి సైగ చేసినట్టల్లా ఆయన తిప్పాడు. బతికుంటే చాలు, బతికుంటే చాలు అని నాలో నేనే గొణుక్కున్నాను.

బతికే ఉన్నాడు. పికప్ కింద నీడలోకి పాక్కుంటూ చేరాడు, పెదవులు పగిలిపోయాయి. తడిగుడ్డతో మొహం తుడిచి, గుక్కగుక్కగా నీళ్లు పట్టాను. డెస్ శాటిలైట్ ఫోన్ అందుకుని, విమానంలో వచ్చే డాక్టర్లను పిలిచాడు. బండివాడి పేరు లిండ్సే, కంచెలు వేసే పని. బండి నిన్న ఆగిపోయిందట.

"ఆ టేపు పోలీసులది కాదా?" అన్నాను.

"నాదేనమ్మా. కంచె పనికి వాడేది. దూరానికి కనపడుతుందని కట్టాను."

"నిన్నటి నుంచీ ఈ దారిన ఎవరూ రాలేదా తమ్ముడూ?" అన్నాడు డెస్.

"ఎందుకు రాలేదు? చాలామంది వచ్చారు" అన్నాడు లిండ్సే. "అందరూ మంచివాళ్లే. నేను చెయ్యెత్తితే, తిరిగి చెయ్యెత్తకుండా ఒక్కరూ పోలేదు."

డెస్ దుమ్ములో కూలబడ్డాడు. తిడదామనుకున్నాను. టేపు చూసి నోరు మూసుకున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని తిట్టను?

అప్పుడే ఇంకో కారవాన్ వచ్చింది. నడిపేవాడు మా ముగ్గురినీ చూసి, నవ్వుతూ వేలెత్తి, సాగిపోయాడు.

ఇక ఎవరూ ఆగనవసరం లేదు. అయినా డెస్ లేచి, ఆ దుమ్ములో పడి వాడి వెనకాలే పరిగెత్తాడు.

"ఆగరా! ఒక్కసారి ఆగి చూడరా!"