వెనక కట్టిన జత

తెల్లవారితే కోడలికి రెండు పనులు. ఒకటి పాలు కాచడం. రెండోది, మామగారి బల్లమీది యుద్ధంలో పేడ ఎత్తడం.

ఆయన మ్యూజియం కోసం చేస్తున్న బొమ్మ అది. కళ్ళకి రంగు వేసిన మరుక్షణం నుంచే అందులోని బొటనవేలంత ఎడ్లు మేత మొదలుపెట్టాయి. ఎనిమిది ఎడ్లు, ఒక ఫిరంగి, కొండ దిగుతున్న పాతకాలపు సైన్యం. సైనికులు మాత్రం ఉత్త మట్టిబొమ్మలు. పోయిన వారం కుట్టుమిషనుకి కడితే, ఎడ్లు దాన్ని గది ఈ చివర్నుంచి ఆ చివరికి లాగేశాయి. "బాగా మేపుతున్నారు," అన్నాడు పాలవాడు, అంతే.

మామగారు సర్వేయరుగా రిటైరయ్యాడు. కొలతలన్నీ పుస్తకాలు చూసి తీశాడు. ఎడ్లు ఎనిమిదింటినీ ఫిరంగి ముందే కట్టాడు.

"దిగుడులో ఒక జతని వెనక కట్టాలి మామయ్యగారూ, ఫిరంగిని పట్టి ఆపడానికి. లేకపోతే ముందున్న ఎడ్లమీదికే పోతుంది."

"బండివాడి కూతురు నాకు యుద్ధం నేర్పుతోంది!"

కొడుకు పోయిన ఈ రెండేళ్ళలో ఆయన ఆమెని మరో మాటతో పిలవలేదు. బొమ్మ మ్యూజియానికి వెళ్ళిన రోజే ఆమె కూడా ఇల్లు వదలాలన్నాడు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదని తెలిసే అన్నాడు. ఆమెకీ ఆయనంటే ఒళ్ళుమంట, అది దాచుకోలేదు కూడా. కాఫీ గ్లాసు ఠంగుమని పెట్టేది. రోజూ పొద్దున్నే ఒక జతని విప్పి ఫిరంగి వెనక కట్టేది. సాయంత్రానికి ఆయన తిట్టుకుంటూ ముందుకి మార్చేవాడు. ముందు ఎడ్ల తొడలు ఫిరంగి రాసుకుని పుండ్లు పడితే, అగ్గిపుల్లతో మందు రాసేది ఆమే.

"నీకు పంతం ఎక్కువ."

"మీ ఇంటికొచ్చాకే అబ్బింది."

మ్యూజియం వ్యాను రానే వచ్చింది. ప్రయాణానికని ఫిరంగిని బొమ్మ కింది చెక్కపలకకి మేకులతో బిగించాడు కానీ, ఆ తొందరలో పొద్దున ఆమె వెనక కట్టిన జతని చూసుకోలేదు. కోడలి పెట్టె గుమ్మం దగ్గరుంది.

"పద్నాలుగు మెట్లు. నేను వెనక పట్టుకుంటాను," అంది.

"నీ చెయ్యి పడితే సర్వనాశనం. తప్పుకో!"

పలకని మెట్లమీద జార్చుకుంటూ, తను వెనక్కి నడుస్తూ దిగాడు. అయిదో మెట్టు దగ్గర కాలు జారింది. బరువంతా ఆయన గుండెలమీదికి వచ్చింది. కింద ఇంకా తొమ్మిది మెట్లు, ఆ తర్వాత రాతినేల.

వెనక జత పలక మీంచి పై మెట్టుకి గెంతి, గిట్టలు తన్నిపెట్టి నిలబడింది. తాళ్ళు బిగుసుకున్నాయి. పలక ఆగింది. ఒక కాలు గాల్లో, రెండు చేతులూ పలక అంచుకి, మామగారు వేలాడుతున్నాడు.

"ఏయ్!"

"ఎవర్ని పిలుస్తున్నారు?" అంది ఆమె కదలకుండా.

ఒక సైనికుడు దొర్లుకుంటూ మెట్లన్నీ దిగి, కింద రెండు ముక్కలయ్యాడు. ఆ చప్పుడు ఆయనా విన్నాడు.

"అమ్మాయ్," అన్నాడు. "వెనక పట్టుకో."

ఆమె ఎడ్ల గిట్టల వంక చూసింది. ఇంకాసేపు ఆగుతాయి. గుమ్మం దగ్గరున్న తన పెట్టె తీసుకెళ్ళి లోపల అటకమీద పెట్టొచ్చింది. అప్పుడు పట్టుకుంది.