పసుపు వెలుతురు గది

“నీ చెయ్యి వణకదే. అందుకే ఈ పని నీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వను,” అన్నాడు మా ఆయన పెళ్లయిన కొత్తలో. నేను మురిసిపోయాను. నన్నెక్కించింది మునగచెట్టని తెలిసేసరికి ఆ పని నా ఒంటికి అతుక్కుపోయింది.

మా ఇంటి కింది భాగంలోనే కంపెనీ. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందుగదిలో ఒక బల్ల, ఒక ఫోను, మా ఆయన. వెనకగదిలో నేను. సిలికాన్ పలకల మీద వెంట్రుక కంటే సన్నటి గీతలు గీసి పరిశోధనలు చేసేవాళ్లకి ఒక రకం ద్రవం కావాలి. దాన్ని పలక మీద పల్చగా పూసి వెలుతురు పడనిస్తే, తగిలిన మేరకు గీత దిగుతుందట. తయారుచేసే పెద్ద కంపెనీలు డబ్బాలకి డబ్బాలే అమ్ముతాయి. యూనివర్సిటీలవాళ్లకి గ్లాసుడు చాలు. ఆ డబ్బా తెప్పించి, వడగట్టి, చిన్న చిన్న గోధుమరంగు సీసాల్లో నింపి పంపడమే మా వ్యాపారం. తెప్పించేది ఆయన, పంపేది ఆయన. మధ్యలో జరిగేదానికి పేరు లేదు. “ఒంటిచేత్తో నడుపుకొస్తున్నాడమ్మా,” అంటారు చుట్టాలు. ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ అడగలేదు.

మామూలు వెలుతురు తగిలితే ఆ ద్రవం చెడిపోతుంది. అందుకని వెనకగదిలో పసుపు బల్బులే వెలుగుతాయి. కిటికీకి బయటినుంచి పసుపు షీటు అతికించి ఉంటుంది. లోపలికి వెళ్లేముందు నేను తలకి టోపీ, చేతులకి తొడుగులు, మూతికి మాస్కు పెట్టుకోవాలి. మొదటిరోజు మాస్కు అందిస్తుంటే నా మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. “నీ తుంపర సీసాలో పడకూడదు,” అన్నాడు. ఓహో, మాస్కు సీసా కోసమన్నమాట! గాలాడటం లేదు, కిటికీకి ఫ్యాను పెట్టించమంటే, “దుమ్మొస్తుంది. ఒక్క నలుసు పడినా సరుకు వెనక్కొస్తుంది,” అన్నాడు. ఆ గదిలో జాగ్రత్తలన్నీ నానుంచి సీసాని కాపాడటానికే. సీసానుంచి నన్ను కాపాడేది ఒక్కటీ లేదు. మిగలపండిన పండులా తియ్యటి వాసనేస్తుంది ఆ ద్రవం. సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడినా ముక్కులోంచి పోదు. “పెయింటు డబ్బాలో పడి లేచావా ఏమిటే?” అని మా అత్తగారు పక్కకి జరిగేది. వెంటనే ఎవరితోనో ఫోనులో, “మా కోడలికేం, రోజంతా కింద ఏసీలో కూర్చుని వస్తుంది మహారాణి,” అనేది.

మొదటి కడుపు మూడో నెలలో పోయింది. ఆ గదిలోనే నడుము పట్టేసింది. వడపోత మధ్యలో ఆపితే డబ్బా అంతా వృథా అవుతుందని, పూర్తయ్యేదాకా ముందుకు వంగి కూర్చున్నాను. పసుపు వెలుతురులో రక్తం నల్లగా కనిపిస్తుంది. బాత్రూములోకి వెళ్లి లైటు వేశాక గాని అది రక్తమని నమ్మలేదు. రెండోసారి ఇంకా ముందే పోయింది. “నిలుపుకోవడం కూడా చేతకాలేదు. ఏం బరువులు మొయ్యమన్నామని?” అంది అత్తగారు. రెండుసార్లూ డాక్టరమ్మ అడిగింది, ఏం పని చేస్తారమ్మా అని. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకునేవాడు. “ఇంట్లోనే ఉంటుందండీ.” ఆవిడ అదే రాసుకుంది. కింది గది కూడా ఇల్లే కదా అని నేనూ ఊరుకున్నాను.

మళ్లీ నెల తప్పింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. సంతోషించాలన్నా భయంగా ఉంది.

ఇవాళ పొద్దున డబ్బా మొత్తం వడగట్టి పెద్ద గాజుజాడీలో పోశాను. బుడగలన్నీ తేలిపోయేదాకా దాన్ని కదపకూడదు. ఆలోగా పైకి వెళ్లి వంట ముగించి, ఆయనకి కాఫీ పట్టుకుని దిగాను. ముందుగది తలుపు దగ్గరే ఆయన గొంతు వినిపించింది. ఫోనులో ఆయన గొంతే వేరు, తేనె కారుతూ ఉంటుంది.

“అయ్యో, అభినందనలు మేడమ్! మూడో నెలా? అయితే మీరు మాత్రం ఆ సీసా మూత తియ్యకండి. అసలు ఆ గదిలోకే వెళ్లకండి. అందులో కలిపే ద్రావకం కడుపులో బిడ్డకి మంచిది కాదు. వాసన పీల్చినా ప్రమాదమే. ఇంకెవరిచేతైనా చేయించండి. మీ ఆరోగ్యం ముఖ్యం గాని పనిదేముంది మేడమ్!”

ఫోను పెట్టేసి నన్ను చూశాడు. “జాడీ తేరుకుందా? సాయంత్రానికి సీసాలు వెళ్లిపోవాలి.”

“ఎప్పట్నుంచి తెలుసు మీకు?”

“ఏది?”

“ఇప్పుడు ఆవిడకి చెప్పింది.”

“అదా? మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాం. చెప్పకపోతే కేసులు పెడతారు.”

“మరి నాకు చెప్పలేదేం?”

నవ్వాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. “నీకు చెప్పడమేమిటే? నువ్వు కస్టమరువా?” అని, కప్పు అందుకుని ఒక గుక్క తాగాడు. “చక్కెర తగ్గింది,” అన్నాడు.

ఏడుపు రాలేదు. అసహ్యమేసింది. ఏదో నాలోనే లోపముందని దుప్పటి ముసుగేసుకుని నన్ను నేను తిట్టుకున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. పక్కనే పడుకుని గుర్రుపెట్టిన ఈ మనిషికి అప్పుడు కూడా తెలుసు. ఫోనులో మేడమ్ కడుపులో ఉన్నది బిడ్డట. మరి నా కడుపులో ఉన్నదేమిటి?

వెనకగదిలోకి వెళ్లలేదు. పెరట్లోకి వెళ్లి, కిటికీకి అతికించిన పసుపు షీటు మూల గోటితో లేపాను. ఎండకి బిగిసిపోయిన జిగురు ఒక పట్టాన రాలేదు. రెండు చేతులా పట్టుకుని లాగితే చర్రున ఊడి వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండ అద్దంలోంచి నేరుగా జాడీ మీద పడింది. డబ్బాడు ద్రవం ధగధగా మెరిసింది. సాయంత్రానికి ఒక్క సీసా కూడా వెళ్లదు.

“ఏం చప్పుడే అది?” పైనుంచి అత్తగారు.

“ఏం లేదత్తయ్యా. కిటికీ శుభ్రం చేస్తున్నా.”

షీటు అక్కడే పడేసి, చెప్పులేసుకుని ఆసుపత్రికి నడిచాను. ఒక్కదాన్నే వెళ్లడం ఇదే మొదటిసారి. డాక్టరమ్మ ఈసారి పని సంగతి అడగలేదు, పాత కాగితంలో ఉందిగా. నేనే చెప్పాను. డబ్బా, వడపోత, వాసన, గాలాడని గది, అన్నీ చెప్పాను.

“రెండుసార్లూ ఈ పనిలోనే ఉన్నారా?”

“ఉన్నానండీ. ఈ నెలంతా కూడా.”

ఆవిడ నా కళ్లలోకి చూడలేకపోయింది. కాగితం వెనక్కి తిప్పి పాత రాతలు వెతుక్కుంది.

“మరి మీ ఆయన... ఇంట్లోనే ఉంటుందని చెప్పారే?”

“అబద్ధం చెప్పలేదు డాక్టర్‌గారూ,” అన్నాను. “ఆ గది మా ఇంట్లోనే ఉంది.”