మూడు గదుల టీచరమ్మ

హారనమ్మ నగరంలో బస్సు నడుపుతుంది. గొంతు పెద్దదని తోటి డ్రైవర్లు పెట్టిన పేరది. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు కూతుర్ని ప్రభుత్వ బడి దగ్గర దింపుతుంది. అప్పటికే టీచరమ్మ వరండాలో నిలబడి ఉంటుంది. గంట కొట్టగానే ఆవిడ ముగ్గురై మూడు గదుల్లోకి వెళ్తుంది. నిధుల్లేవని రెండు పోస్టులు ఖాళీగా ఉంచేశారు. పిల్లల్ని గాలికి వదిలెయ్యలేక ఆవిడ ఇలా మొదలుపెట్టింది. "పాపం, ఏం చేస్తుంది మరి?" అనుకున్నారు అందరూ.

ఓ పొద్దున హారనమ్మ తరగతిలోకి తొంగిచూస్తే, టీచరమ్మ భుజంలోంచి బోర్డు మీది అక్షరాలు కనబడ్డాయి.

"టీచరమ్మా, అసలు తింటున్నారా?"

"ఓ గదిలో తింటున్నానమ్మా. మిగతా రెండింట్లో ఆకలేస్తోంది."

సెలవు పెట్టి, తోటి తల్లిదండ్రుల్ని పోగేసుకుని హారనమ్మ విద్యాధికారి దగ్గరికి వెళ్ళింది.

"తనిఖీకి వచ్చినప్పుడు మూడు గదుల్లోనూ టీచరుందిగా! కొరతెక్కడ?" అన్నాడాయన.

"ముగ్గురూ ఒక్కావిడే కదండీ!"

"మరీ మంచిది. ఒక్కరితో సరిపోతుంటే ఇంకా నిధులెందుకు?"

హారనమ్మకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా బడికొచ్చింది.

"మీరు సర్దుకుపోయినన్నాళ్ళూ వాళ్ళకి మన అవసరం కనబడదు. ఈసారి తనిఖీకి ఒక్క గదిలోనే ఉండండి."

"మిగతా పిల్లలో?"

"మేం లేమా?"

తనిఖీ రోజున రెండు గదుల్లో వెనక బెంచీల మీద తల్లులూ తండ్రులూ ఒదిగి కూర్చున్నారు. మొదటి గదిలో టీచరమ్మని చూసి అధికారి తలాడించాడు. రెండో గదిలో పిల్లలు పుస్తకాలు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు.

"సార్, ఈ లెక్క చెప్పరూ?" అంది హారనమ్మ కూతురు.

కాదనలేక సుద్దముక్క తీసుకున్నాడు. సగంలో ఉండగానే చివరి గది పిల్లలు గుమ్మంలోకొచ్చి, "సార్, మాకో?" అన్నారు. అటు వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా అని ఆయన తటపటాయించాడు. అంతలో తన వీపే తనకి కనబడుతూ అవతలి గదిలోకి నడిచి వెళ్ళిపోయింది.

గంట కొట్టేదాకా రెండు గదుల్లోనూ ఆయనే. తర్వాత వరండాలో కూలబడ్డాడు. అరచేతిలోంచి నేల కనబడుతోంది.

"రోజూ ఇంతేనా అమ్మా?"

టీచరమ్మ మంచినీళ్ళందిస్తూ, "మీకు రెండే కదండీ," అంది.

ఆ ఏడాది బడులకి నిధులు పంచే నగర సభలో అందరికంటే గట్టిగా గొంతు చించుకున్నది ఆయనే. తనకంటే పెద్ద గొంతని హారనమ్మే ఒప్పుకుంది. నిధులొచ్చాయి. ఇద్దరు కొత్త టీచర్లు వచ్చారు.

వాళ్ళు చేరిన సాయంత్రం టీచరమ్మ హారనమ్మ బస్సెక్కింది. ఆవిడ కాలు పెట్టగానే మెట్టు కిర్రుమంది. బస్సు ఓ పక్కకి కాస్త కుంగింది. అద్దంలో ఆవిణ్ణి చూస్తూ హారనమ్మ బ్రేకు మీంచి కాలు తియ్యడం మర్చిపోయింది.

"ఏమ్మా, బండి కదలదా?" వెనకనించి ఎవరో అరిచారు.

"కదుల్తుందిలే బాబూ," అంది హారనమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "ఇవాళే బరువెక్కింది."