పదకొండేళ్ల సంతకం

“నీ గురించి పేజీడు రాయడానికి ఏటున్నాదే?” అంది లక్ష్మణమ్మ, చింతపండులో పిక్కలు తీస్తూ. ఎత్తిపొడుపు కాదు పాపం, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కోడలు కన్యకాపరమేశ్వరికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

విశాఖపట్నంలో ఒక లా కాలేజీ దరఖాస్తుతో పాటు ఆ పేజీ అడిగింది. లా ఎందుకు చదవాలనుకుంటున్నారో మీ జీవితంలోంచి, మీ మాటల్లో రాసి సంతకం చేయమని. ఈ సాయంత్రం కొరియరు ఆఫీసు మూసేలోగా వెయ్యకపోతే ఈ ఏడాదికి అంతే సంగతులు. వచ్చే ఏడాదికి ముప్పై ఆరు నిండుతాయి. అప్పుడు ఇంట్లో మళ్లీ ఈ మాట ఎత్తే ధైర్యం ఉంటుందో ఉండదో ఆమెకే తెలియదు.

పొద్దున్న ఉప్మా కలుపుతూ ఆలోచించింది, బట్టలు ఆరేస్తూ ఆలోచించింది. చివరికి పప్పు కుక్కరు పెట్టి, వంటింటి గట్టు దగ్గర నిలబడే రాసేసింది. విజయనగరంలో బట్టల కొట్టు నడిపే తన భర్త జయకృష్ణ ఎంత పట్టుదల గలవాడో, హుద్‌హుద్ తుఫానుకి కొట్లో పొందూరు ఖద్దరు తాన్లన్నీ తడిసి ముద్దయితే, ఇన్సూరెన్సు కంపెనీ మొండిచెయ్యి చూపిస్తే, ఆయన లాయరు లేకుండా వినియోగదారుల ఫోరంలో ఎలా గెలిచాడో, అది చూసి తనకి లా మీద ఎలా మనసైందో రాసింది. రెండోసారి చదువుకుంటే ఒళ్లు మండింది. ఆ ఫిర్యాదు రాసిందెవరమ్మా? తడిసిన తాన్లకి ఫోటోలు తీసి, పాలసీలో సన్నక్షరాలన్నీ చదివి, వాదన తయారు చేసి, ఇక్కడ ఆగండి, ఇక్కడ గట్టిగా చదవండి అని మొగుడికి అప్పజెప్పించిందెవరు? ఆవేళ ఫోరం అధ్యక్షుడు ఎవరు రాశారయ్యా, బాగుంది అంటే, నేనేనండి అన్నాడు జయకృష్ణ. వెనక బెంచీలో టిఫిను క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెళ్లాం వైపు తిరిగైనా చూడలేదు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆటోలో అడిగితే, “నీ పేరు సెప్తే ఏటొస్తాది? మొగుడికి రాయడం రాదనుకుంటారు” అన్నాడు. ఆ తర్వాత తనూ మరిచిపోయినట్టే ఉంది. నీ జీవితం రాయమ్మా అంటే ఆయన జీవితం రాసిపెట్టింది.

పోనీలే, సీటొస్తే చాలనుకుని కింద సంతకం పెట్టింది. పెట్టి, కాయితం ఎత్తి మళ్లీ చూసుకుంది.

అది జయకృష్ణ సంతకం. పొడుగాటి జ, కింద రెండు గీతలు. ప్రతిదానికీ కొట్లోంచి రాలేనని పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పాడు. అమ్మకం పన్ను కాయితాలు, గ్యాసు కనెక్షను, కూతురి ప్రోగ్రెస్ కార్డు, అన్నిటి మీదా పదకొండేళ్లుగా ఆమే పెడుతోంది. ఒకసారి చెక్కు మీద ఆయన సొంత చేత్తో పెడితే బ్యాంకువాళ్లు కలవలేదని తిప్పి పంపారు. ఆ సంగతి చెప్పుకుని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు, ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు, భయమేసింది.

కొత్త కాయితం తీసింది. ‘మా కొట్టుని గెలిపించిన ఫిర్యాదు నేను రాశాను. నా పేరు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు’ అని మొదలెట్టింది. పప్పు మాడిన వాసన వస్తున్నా ఆపలేదు. పేజీ చాలక అక్షరాలు చిన్నవి చేసుకుంది. కింద పూర్తి పేరుతో, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సంతకం పెట్టింది. వంకరగా వచ్చింది. ఉండనీ అనుకుంది.

భోజనానికొచ్చిన జయకృష్ణ పప్పు వాసనకి మొహం చిట్లించి, సంచీలోంచి జీఎస్టీ కాయితాలు తీసి బల్ల మీద పడేశాడు. మూడు చోట్ల సంతకం పెట్టెయ్, తిని పట్టుకెళ్తానన్నాడు.

పరమేశ్వరి ఆయనకి మజ్జిగ పోసింది. పెన్ను తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. కొరియరు కవరు చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

“మీది నాకింక రాదండి,” అంది. “నాది నేర్సుకుంతన్నాను.”